శ్రీహరికోటలో ప్రయోగ విలంబములు

2013వ సంవత్సరము ఆగష్టు 19వ తేదీ సాయంకాలము 4 గంటల 50 నిమిషములకు శ్రీహరికోటనుండి ఆకసమున కెగయవలసిన జి.యస్.యల్.వి. డి-5 రాకెట్టు, ముహూర్తమునకు 1 గంట 14 నిమిషములు మిగిలియుండగా నిలిపివేయబడెను. అంతకు ముందు దినము 11 గంటల 50 నిమిషములకు ఆరంభమైన 29 గంటల లెక్కింపు అంతటితో ఆగెను. ఆ వార్త వినిన సాయంకాలము మా అచ్చంపేట బజారులో పెద్దలు పలువురు "ఇదియు పోయెనా!" యని పెదవి విరిచిరి. వారి నిట్టూర్పునకు కారణము లేకపోలేదు. 2010వ సంవత్సరమున ఏప్రిలు 15న ఒకటి, డిసెంబరు 25న మరియొకటి, ఈ తరగతికి చెందిన రెండు రాకెట్లు వరుసగా సముద్రము పాలైయుండెను. రెండున్నర సంవత్సరములకు పైగా సాగిన మౌనము తరువాత మూడవది నిలువబడి, అదియు కదలకపోవుటను చూచినవారికి అది మూడవ పరాజయముగనే తోచుట సహజము.

కాని అది పరాజయము కాదు. ఆనాడు శ్రీహరికోటలో జరిగినదానిని, ఆ తరువాత 139 దినములలో జరిగినదానిని సావకాశముగా పరిశీలించినచో, ఈ దేశమున రాకెట్టు విద్య యెంతవరకు పక్వమైనదో తెలుపు గుర్తులు ఎగిరిన రాకెట్లకంటె ఎగురనీయక ఆపిన రాకెట్లయందే యెక్కువగా కనబడును. ఆ సంగతిని పాఠకుల యెదుట పెట్టుటయు, ఈ విషయమున ప్రజలకు రావలసిన బాకీ యొకటి యింకను మిగిలియున్నదని చూపుటయు మా యుద్దేశము.

ముందుగా ఈ వాహనముయొక్క స్వరూపము తెలియవలెను. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల యెత్తున తిరుగు ఉపగ్రహము, భూమితోపాటు దినమున కొక చుట్టు చుట్టుచుండుటచేత, మనకు ఆకసమున ఒకేచోట నిలిచినట్లుండును. దూరవార్తలకును, టెలివిజనునకును, రేయింబవళ్లు మేఘములను కనిపెట్టియుండుటకును అట్టి ఉపగ్రహమే కావలెను. దానిని ఆ దారి పట్టించుటకై నిర్మింపబడినదే జి.యస్.యల్.వి. డి-5 యెత్తు 49 మీటర్లకు పైగా; బరువు సుమారు 415 టన్నులు. మొదటి అంచె నడిమిభాగమున ఘన ఇంధనము దట్టింపబడియుండును. దాని చుట్టును ద్రవ ఇంధనముతో మండు నాలుగు మోటారులు కట్టబడియుండును. రెండవ అంచెయు ద్రవ ఇంధనముదే. అన్నిటికంటె పైది, అన్నిటికంటె కష్టమైనది క్రయోజెనికు అంచె. అందు ఉదజనిని సున్నకు దిగువ 253 డిగ్రీలకు, ప్రాణవాయువును 183 డిగ్రీలకు చల్లబరచి, వాయువులను నీళ్లవలె చేసి నింపుదురు. అట్టి చలిలో మామూలు ఉక్కు పెళుసెక్కును. రబ్బరు గాజువలె పగులును. ఆ చలికి జానెడు దూరములోనే వేల డిగ్రీల మంట. ఈ రెంటి నడుమ నిమిషమునకు పదివేలకొలది చుట్లు తిరుగు పంపులు, చలికి ముడుచుకొనియు వేడికి సాగియు, వెంట్రుకవాసి తేడా రాకుండ పనిచేయవలెను. ఈ విద్య తెలిసిన దేశములు ప్రపంచమున వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే.

తెలిసినవారు తెలియనివారికి చెప్పనిచ్చిరా? 1991 జనవరిలో భారత అంతరిక్ష సంస్థ సోవియటు దేశపు గ్లావ్‌కాస్మాస్ సంస్థతో ఒడంబడిక చేసికొనెను. ఇంజనులతోపాటు వానిని చేయు విద్యయు మన కీయవలెనని షరతు. 1992లో అమెరికా ప్రభుత్వము ఇది క్షిపణుల నియంత్రణ నిబంధనలకు విరుద్ధమని చెప్పి ఇరు సంస్థలపైనను ఆంక్షలు విధించెను. ఉదజనిని గంటలతరబడి చల్లార్చి నింపవలసిన యింజనుతో యుద్ధము చేయువా డెవడని మన శాస్త్రజ్ఞులు అడిగిన ప్రశ్నకు నేటివరకు సమాధానము లేదు. 1993లో రష్యా వెనుకకు తగ్గెను. విద్య రాలేదు, తయారైన అంచెలు మాత్రము వచ్చినవి, మొత్తము 7. అవి తరిగిపోవులోగా మనమే నేర్చుకొనవలెను. 1994లో స్వదేశీ క్రయోజెనికు ప్రణాళిక ఆరంభమయ్యెను. ఆ సంవత్సరాంతముననే ఆ శాఖకు నాయకుడైన నంబి నారాయణను గారు గూఢచర్య నేరముపై నిర్బంధింపబడిరి. ఆ ఆరోపణ నిరాధారమని కేంద్ర నేరపరిశోధక శాఖ 1996లో తేల్చెను. సుప్రీముకోర్టు 2018లో వారికి 50 లక్షల రూపాయల పరిహారము నిప్పించెను. విలంబములలో ఇదియు నొకటి. దీనిని ఏ లెక్కింపు పట్టికలోను వ్రాయలేదు.

2010 ఏప్రిలులో స్వదేశీ అంచె తొలిసారి ఎగిరెను. ఇంజను వెలిగినది గాని, ఉదజనిని ముందుకు త్రోయు చిన్న పంపు మరుక్షణముననే ఆగిపోయెను. ఆ డిసెంబరులో రష్యా అంచెతో పోయిన రాకెట్టు వేరొక లోపముచేత మొదటి నిమిషములోనే అదుపు తప్పెను. నియంత్రణ తీగలను కలుపు గొట్టపుముడులు ఊడిపోయెను. తరువాతి సంవత్సరములు మరమ్మతులకు చెల్లినవి. పంపులోని బేరింగులను, తొడుగును చలికి ముడుచుకొను లెక్క చూచి తిరిగి రూపొందించిరి. తీగలకు కప్పైన తొడుగును బలపరచిరి. ఆకసమున గాలి లేనిచోట ఇంజను వెలుగునో లేదో తెలిసికొనుటకు, నేలమీదనే శూన్యప్రదేశమును కల్పించి 2013లో వెలిగించి చూచిరి. ఈ పరీక్షలు జరుగు స్థలము మహేంద్రగిరి. మన కళింగపు మహేంద్రగిరి యని తెలుగువారు పొరబడుట కలదు. ఇది తమిళనాటి దక్షిణపు కొనయందలిది.

ఇంత మెరుగుదల చేసి నిలిపిన రాకెట్టులో లోపము బయటపడినదెచ్చట? ఎవరును అనుమానింపని చోట. క్రయోజెనికు అంచె నిక్షేపముగా నుండెను. ఎన్నో సంవత్సరములుగా ఇబ్బంది పెట్టక పనిచేసిన రెండవ అంచెలో, తొట్టికి ఒత్తిడి యెక్కించుచున్న వేళ, ఇంధనము కారుచుండుట కనబడెను.

బావిలో మోటారు దించి ఫుట్‌వాల్వు కారుటను చూచిన రైతునకు కారుట యననేమో చెప్పవలసిన పని లేదు. బావిలో కారునది నీరు, పోయినచో పోయినది. ఇచ్చట కారినది హైడ్రజీను జాతి ఇంధనము. ఊపిరిలో పోయినచో విషము; దానికి జతయైన నత్రజని టెట్రాక్సైడు తగిలినచో అగ్గిపుల్ల అక్కర లేకయే భగ్గుమనును. అట్టివి పదులకొలది టన్నులు ఒకే స్తంభములో నిండియుండగా, దానిపైన ఉదజని తొట్టియు, ఆ పైన ఉపగ్రహమును కూరుచుండియుండగా, కొన్ని చుక్కలేగదా యని వదలుటకు ధైర్యము కాదు, మూర్ఖత్వము కావలెను. అప్పటి సంస్థాధ్యక్షులు కె. రాధాకృష్ణను గారు ఆ సాయంకాలమే పత్రికలవారి యెదుటకు వచ్చి, ఏ అంచెలో ఏమి కారెనో చెప్పిరి. ఆ మాట గుర్తుంచుకొనవలెను. దాని యవసరము మరల వచ్చును.

ఆపుట యనగా ఒక మీట నొక్కుట మాత్రమే యని తలచువారు కలరు. ఆపిన తరువాతి పని ఎగురవేయుటకంటె ప్రమాదకరము. నింపిన ద్రవములనన్నిటిని తిరిగి దింపవలెను. మారణవిషములను గొట్టములవెంట వెనుకకు తోడవలెను. పిమ్మట ఆ స్తంభమును, దానిని మోయు పీఠముతో సహా, పట్టాలమీద నెమ్మదిగా ప్రయోగవేదికనుండి కూర్పుశాలకు మరల్చవలెను. పెండ్లిపందిరి వేసి, విస్తళ్లు వడ్డించి, ముహూర్తము తప్పిన యింట బంధువులను సాగనంపి పందిరి విప్పువాని మనఃస్థితి యెట్టిదో ఊహించుకొనవచ్చును. అయినను ఆ పని యంతయు ఒక మనిషికి గాయము కాకుండ జరిగెను.

కూర్పుశాలలో విప్పి చూడగా లోపము తొట్టి లోహములో తేలెను. ఆ తొట్టి అఫ్నారు-7020 అను అల్యూమినియము మిశ్రలోహముతో చేయబడినది. ఒత్తిడియు, తేమయు, కాలమును కలిసినప్పుడు ఆ లోహము లోలోపల సన్నని బీటలు తీయును. సముద్రపుగాలి తగులు శ్రీహరికోటలో అది విశేషించి అనుమానింపదగినది. దానికి బదులుగా ఏఏ-2219 అను వేరొక మిశ్రలోహముతో చేసిన క్రొత్త రెండవ అంచెను తెప్పించి అమర్చిరి. అంతటితో ఆగక, చుట్టునున్న నాలుగు ద్రవపు మోటారులను సైతము మార్చి క్రొత్తవానిని కట్టిరి. ఒకచోట పుచ్చు కనబడినచో అదే వంగడపు గింజలనన్నిటిని పరీక్షించు రైతు పద్ధతియే యిది. అయినను ఒక మాట చెప్పక తప్పదు. ఆ లోహపు స్వభావము రాకెట్టు నిలువబెట్టిన తరువాత తెలిసిన క్రొత్తవిద్య కాదు. ముందే మార్చియుండవచ్చును గదా యని యడుగువారి ప్రశ్న న్యాయమైనదే. చేతిలోనున్నదానిని వాడుకొందమను పొదుపు కొన్నివేళల ఖర్చునే పెంచును.

ఆ 139 దినములలో బంగాళాఖాతము ఊరకున్నదా? అక్టోబరు 12న ఫైలిను తుపాను ఒడిస్సా తీరమును దాటెను. నవంబరు 22న హెలెను, 28న లెహరు, రెండును మచిలీపట్టణము ప్రాంతముననే తీరమును చేరెను. లెహరు అప్పటికి బలము తగ్గియుండెను. మా పల్నాటిలో ప్రత్తికాయ పగిలి తీతకు వచ్చు నెల యది. మేఘము ఎటు పోవుచున్నదో చెప్పుటకు మనకు పైన కన్ను ఉండెను. కాని ఆ కన్ను ఎవరి వాహనముపై పోయినది? మేఘములను వేడిని కనిపెట్టు ఇన్‌శాట్-3డి ఉపగ్రహము, డి-5 నిలిచిపోవుటకు సరిగా 24 దినములముందు, 2013 జులై 26న, దక్షిణ అమెరికాలోని కూరూ రేవునుండి ఐరోపావారి ఏరియను రాకెట్టుపై వెళ్లెను. మనము చేసిన కంటిని పరుల భుజమెక్కించి పంపి, కిరాయి చెల్లించితిమి. 1982లో ఇన్‌శాట్-1ఏ అమెరికా డెల్టా రాకెట్టుపైనను, 1983లో ఇన్‌శాట్-1బి వారి ఛాలెంజరు నౌకలోను పోయినవి. ముప్పది సంవత్సరముల తరువాతను పరిస్థితి యదియే. శ్రీహరికోటలో ఆగిన రాకెట్టు అచ్చంపేట చేనికి సంబంధించినదగుట యిట్లు.

ఈ సందర్భమున 1977 నవంబరు 19ని తలపకుండ కృష్ణా గుంటూరు ప్రాంతపువాడెవడును ఈ విషయము వ్రాయలేడు. దివిసీమను ఉప్పెన ముంచిన ఆనాటికి మనకు ఆకసమునుండి మేఘములను కనిపెట్టు స్వంత ఉపగ్రహము లేదు. సర్కారు లెక్కల ప్రకారమే సుమారు 10,000 మంది చనిపోయిరి. ఉపగ్రహమున్నంతమాత్రమున ఉప్పెన ఆగునని మే మనుట లేదు. కదలివచ్చు గాలివాన యెక్కడ నున్నదో రెండు దినములు ముందుగా తెలిసినచో మనుష్యులు కదలుదురు. ఫైలిను నాడు ఒడిస్సాలో లక్షలమందిని ముందుగా తరలించుటచేత మృతుల సంఖ్య పదులలోనే నిలిచెను.

ఆ సంవత్సరమే మరియొక చిన్న విలంబము జరిగెను. అంగారక గ్రహమునకు పోవలసిన మంగళయానమును అక్టోబరు 28న పంపదలచిరి. ఎగిరిన రాకెట్టు పసిఫికు సముద్రముపైన నుండగా దాని సంకేతములను పట్టుకొనవలసిన ఓడలు రెండు. అచ్చటి పోటుగాలులచేత వానిలో ఒకటి తన స్థానమునకు ఆలస్యముగా చేరుచుండెను. రాకెట్టు సిద్ధము, ఉపగ్రహము సిద్ధము. ఓడ కొరకు ఆగిరి. నవంబరు 5న పంపిరి. ఫిజీ ద్వీపములకడ గాలివీచుట శ్రీహరికోటలో ముహూర్తమును మార్చు కాలమిది.

2014 జనవరి 4న 11 గంటల 18 నిమిషములకు డి-5కు మరల 29 గంటల లెక్కింపు మొదలయ్యెను. మరునాటి సాయంకాలము 4 గంటల 18 నిమిషములకు అది ఎగిరెను. ఘన ఇంధనము, ద్రవ ఇంధనము తమ వంతు తీర్చిన పిమ్మట క్రయోజెనికు ఇంజను వెలిగి, 12 నిమిషములపాటు ఆరక మండెను. 17 నిమిషములలో 1,982 కిలోగ్రాముల జీశాట్-14 తన దారిలో పడెను. ఆ ప్రయోగమునకు సంచాలకుడైన కె. శివను గారు తరువాత సంస్థాధ్యక్షులైరి. 1991లో కొనబోయి దొరకని విద్య, 23 సంవత్సరములకు, కొనకుండనే మన చేతికి వచ్చెను. ఆగష్టులో వదలియుండినచో ఏమగునో ఎవరును ప్రమాణము చేసి చెప్పలేరు; కాని తొట్టి బీటలు వారినదని తెలిసిన పిమ్మట ఆ ప్రశ్న వేయువారు అరుదు.

ఆపు విద్య మన కొకనాటితో రాలేదు. దీనికి పూర్వకథ యున్నది. పులికాటు సరస్సునకు బంగాళాఖాతమునకు నడుమనున్న శ్రీహరికోటను 1969లో ఎంపికచేసిరి. తూర్పున జనము లేని సముద్రము, భూమధ్యరేఖకు చేరువ యనునవి దాని గుణములు. ఆ ద్వీపమున తరతరములుగా వేటచేతను వనమూలికలచేతను జీవించిన యానాదులు అడవి విడిచి తొలగవలసివచ్చెను. రాకెట్టును చూచి చప్పట్లు కొట్టు మనలో ఎందరికి ఆ సంగతి తెలియును? 1979 ఆగష్టు 10న అచ్చటనుండి మన తొలి ఉపగ్రహ వాహనము యస్.యల్.వి.-3 ఎగురవలసియుండెను. చివరి నిమిషమున కంప్యూటరు లెక్కింపును ఆపివేసెను. రెండవ అంచె నియంత్రణ వ్యవస్థలో కారుట కనబడెను. నిపుణులు, నిలువయున్నది సరిపోవునని చెప్పగా, ప్రణాళికాధిపతియైన అబ్దుల్ కలాము గారు కంప్యూటరు మాటను ప్రక్కనబెట్టి వాహనమును పంపిరి. మొదటి అంచె చక్కగా పనిచేసెను. రెండవ అంచెలో అదుపు తప్పి అది సముద్రమున పడెను. కలాము గారు తరువాతి జీవితములో ఈ కథను విద్యార్థులకు ఎన్నిసార్లు చెప్పిరో లెక్క లేదు. ఆనాటి అధ్యక్షులు సతీశ్ ధవను గారు నిందను తామే మోసిరనియు, 1980 జులై 18న గెలిచిననాడు మాటలాడు నవకాశమును తన కిచ్చిరనియు వారు చెప్పుచుండెడివారు. 2002లో శ్రీహరికోట కేంద్రమునకు ధవను గారి పేరు పెట్టిరి.

తరువాతి యధ్యాయము 2001 మార్చి 28. జి.యస్.యల్.వి. మొట్టమొదటి ప్రయోగము. ఈ వాహనములో ఒక యుపాయము కలదు. ఘన ఇంధనము తారాజువ్వ వంటిది. ఒకసారి అంటించినచో ఆర్పు విధము లేదు. ద్రవపు మోటారులను ఆర్పవచ్చును. కావున ముందు నాలుగు ద్రవపు మోటారులను వెలిగించి, అవి తగినంత బలము చూపుచున్నవో లేదో కంప్యూటరు ఐదు క్షణములలోపల పరీక్షించును. అన్నియు సరియైననే నడిమి ఘన ఇంధనమునకు నిప్పు పెట్టును. ఆనాడు నాలుగింటిలో ఒకటి బలము పుంజుకొనలేదు. పొగ లేచెను, మంట కనబడెను, జనులు ఎగిరెననుకొనిరి. సరిగా ఒక క్షణము మిగిలియుండగా యంత్రము తనంతట తానే ఆపివేసెను. రాకెట్టు నిలిచినచోట నిలిచియుండెను. 21 దినములకు, ఏప్రిలు 18న, అదే రాకెట్టు ఎగిరెను. 1979లో మనిషి యంత్రమును కాదనెను. 2001లో మనిషికి చెప్పక యంత్రమే ఆపెను. 2013లో కొన్ని చుక్కలను చూచి మనుష్యులు తామే ఆపిరి.

2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాను-2ను మోసిన పెద్ద వాహనము 2 గంటల 51 నిమిషములకు లేవవలసియుండెను. మన తెలుగు పత్రికలు సినిమాపేరు తగిలించి "బాహుబలి" యని మురిసిన వాహనమే యది. రాష్ట్రపతి రామనాథ కోవిందు గారు స్వయముగా వచ్చి కూరుచుండిరి. 56 నిమిషముల 24 సెకండ్లు మిగిలియుండగా ఆపిరి. దేశాధిపతి యెదుట నిలిపివేయుటకు వెనుదీయని కొలువు మనదేశమున ఎన్ని శాఖలలో నున్నదో పాఠకులే యోచింతురుగాక. వంతెన పూర్తి కాకమునుపే మంత్రిగారి తేదీ వచ్చినదని రిబ్బను కత్తిరించుట మనమెరుగనిది కాదు. వారము తిరిగి జులై 22 మధ్యాహ్నము ఆ రాకెట్టు ఎగిరెను.

విలంబమే విజయమును తెచ్చునని పాఠకులు భావింపరాదు. దానికి సాక్ష్యము జి.యస్.యల్.వి. ఎఫ్-10. నాలుగు మీటర్ల వెడల్పుగల క్రొత్త మొనతొడుగు తొడిగి మెరుగుపరచిన వాహనమది. అది మోయవలసిన ఉపగ్రహము మనదేశమును ఎత్తైన కక్ష్యనుండి ఎడతెగక చూచుచు, వరదలను, తుపానులను, పైరుల స్థితిని వెంటవెంటనే తెలుపుటకు ఉద్దేశింపబడినది. రైతునకు ఇంతకంటె దగ్గరిది లేదు. 2020 మార్చి 5న పంపవలసియుండగా, ముందు దినము "సాంకేతిక కారణములచేత" వాయిదా వేసితిమని ఒక ప్రకటన వెలువడెను. ఆ సాంకేతిక కారణమేదో ఆ ప్రకటనలో లేదు. పిమ్మట కరోనా వచ్చి దేశమంతయు తలుపులు మూసికొనెను. 2021 మార్చి 28 అనిరి, అదియు దాటెను. కట్టకడపట 2021 ఆగష్టు 12 తెల్లవారుజామున 5 గంటల 43 నిమిషములకు పంపిరి. రెండంచెలు చక్కగా నడిచెను. క్రయోజెనికు ఇంజను వెలుగలేదు. ఉదజని తొట్టిపైన వాయువును వదలు కవాటముయొక్క మెత్తని అడ్డుబిళ్ల దెబ్బతిని, కారి, తొట్టిలో ఒత్తిడి పడిపోయెనని పరిశోధక సంఘము తేల్చెను. 2,268 కిలోగ్రాముల ఉపగ్రహము మనకు దక్కలేదు. పదునేడు నెలల యెదురుచూపు ఒక చిన్న బిళ్ల మూలమున వ్యర్థమయ్యెను.

ఇక బాకీ సంగతి. 2013లో రాధాకృష్ణను గారు ఆ సాయంకాలమే అంచె పేరు, ద్రవము పేరు చెప్పిరి. బజారులో పెదవి విరిచినవారు సైతము, ఇంధనము కారినదట యని వినిన తరువాత, ఆపుటయే మేలని తల యూచిరి. 2020లో "సాంకేతిక కారణము" అను రెండు మాటలతో సరిపుచ్చిరి. ఈ రెండు పద్ధతులలో ప్రజలు మొదటిదానికి హక్కుదారులు. రాకెట్టు రహస్యములను, దేశరక్షణకు సంబంధించిన వివరములను బయటపెట్టుమని ఎవరును కోరుటలేదు. ఏ అంచె, ఏమి కనబడెను, ఏమి చేయుచున్నాము, ఎన్ని దినములు పట్టవచ్చును అను నాలుగు సంగతులు చెప్పుటకు అడ్డేమి? అదియు ఇంగ్లీషులో కంప్యూటరు తెరమీద రెండు పంక్తులు వ్రాసి ఊరకుండుట కాదు. రాకెట్టు లేచునది తెలుగునేలనుండి, దాని ధ్వని వినువారు సూళ్లూరుపేట తెలుగువారు, తెలుగులోను చెప్పవలెను.

మా ప్రాంతపు కామందులకు ఎదురుచూచుట క్రొత్త కాదు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాదిరాయి పడెను; కాలువలకు నీరు వదలినది 1967 ఆగష్టు 4న. పండ్రెండేండ్లు మా పెద్దలు వేచియుండిరి. వారిలో తొందరపడినవా రుండవచ్చును గాని, పనిని అనుమానించినవారు తక్కువ. ఏలయన బండి కట్టుకొనిపోయి చూచినచో రాతిపై రాయి లేచుట కంటికి కనబడుచుండెను. శ్రీహరికోటలో లోహపు బీట కంటికి కనబడదు, అడ్డుబిళ్ల యరుగుట కనబడదు. కనబడని పనిని నమ్మవలెనన్న చెప్పువాడు చెప్పవలెను. 2019లో అచ్చట ప్రజలు కూర్చుండి ప్రయోగములను చూచుటకు ఒక వేదికను కట్టిరి. పిల్లలను వెంటబెట్టుకొని రైలెక్కి సూళ్లూరుపేటలో దిగినవారికి, వాయిదా పడిననాడు తిరుగు రైలునకు ముందు ఒక మాట చెప్పు ఏర్పాటు ఆ వేదికలోనే యుండదగును.

మెరుగుపరచిన యా వాహనము తరువాత తన పేరు నిలుపుకొనెను. 2016 సెప్టెంబరు 8న ఇన్‌శాట్-3డిఆర్ అను వాతావరణ ఉపగ్రహమును తీసికొనిపోయెను. ఆనాడును ద్రవములు నింపు వేళ ఒక కవాటము మొరాయించి, 4 గంటల 10 నిమిషముల ముహూర్తము 4 గంటల 50 నిమిషములకు జరిగెను. నలువది నిమిషముల విలంబము. ఉపగ్రహము నేటికిని మనకెరుకయే. 2023 మే 29న మార్గనిర్దేశక ఉపగ్రహము పోయెను. 2022 ఏప్రిలు 4న జిల్లాలను విడదీసినప్పుడు అచ్చంపేట గుంటూరునుండి పల్నాడు జిల్లాలోనికి, శ్రీహరికోట నెల్లూరునుండి తిరుపతి జిల్లాలోనికి ఒకే దినమున మారినవి. అంతకుమించి ఈ రెండూళ్లకును సామ్యమేమి యని యడుగువారికి 2024 ఫిబ్రవరి 17ను చూపవచ్చును. ఆనాటి ఎఫ్-14 రాకెట్టుపై పోయిన ఇన్‌శాట్-3డియస్ ఉపగ్రహపు ఖర్చునంతటిని భూవిజ్ఞాన మంత్రిత్వశాఖయే భరించెను. పని ఒక్కటే: సముద్రముపై వేడిమిని, మేఘములను చూచి, గాలివానల రాకను ముందుగా చెప్పుట. మా యూళ్లలో మిరపకాయలు కల్లములకు చేరి, ఆరబోసినవి ఎఱ్ఱగా పరచుకొను కాలమది. ఒక్క జల్లు పడినచో రంగు చెడి ధర సగమగు సరుకది. సాయంకాలము 5 గంటల 35 నిమిషములకు, చెప్పిన గడియకే, రాకెట్టు లేచెను.